చలి ముంగిట కడియం... తుపాను దాటితేనే పూల పంట

కడియం: తెలుగునాట చలికాలం తోటలు మోడువారే కాలం కాదు, పూచే కాలం. బంతి, చామంతి, డేలియా, పెటూనియా, సాల్వియా, డయాంథస్ వంటివి నిండుగా విచ్చుకునేది మార్గశిరం నుంచి మాఘం దాకానే. ఆ పూల కోసం హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లోని ఇళ్లు, కార్యాలయాలు, హోటళ్లు తూర్పుగోదావరి జిల్లా కడియం మండలం వైపే చూస్తాయి. అయితే డిసెంబరులో పూచే మొక్క ఆగస్టులో విత్తనం. ఈ రెండింటి నడుమ నాలుగు మాసాలలో గోదావరి వరద, ఈశాన్య రుతుపవనాల వాన, బంగాళాఖాతం తుపాను ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన చలిని మొక్క సులువుగానే భరిస్తుంది. ఆ చలి దాకా దానిని క్షేమంగా చేర్చడంలోనే నర్సరీ రైతు కష్టం, పెట్టుబడి, అప్పు అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆ ప్రయాణానికి ప్రభుత్వ పరంగా ఉన్న రక్షణ మాత్రం నామమాత్రమే.

దసరాకు నారు... సంక్రాంతికి పూలు

రాజమహేంద్రవరానికి చేరువలో, 16వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా కడియపులంక, బుర్రిలంక, వీరవరం, దుళ్ల, పొట్టిలంక, జేగురుపాడు, వేమగిరి గ్రామాల్లో నర్సరీలు విస్తరించి ఉన్నాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఇచ్చిన కాలువ నీరు, లంక భూముల ఒండ్రు, రైలు, రోడ్డు సదుపాయాలు ఈ వృత్తికి ఇక్కడ వేళ్లూననిచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కడియం మండలం రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడిన తూర్పుగోదావరిలోనే ఉండగా, అదే రహదారిపై కాస్త దక్షిణంగా ఉన్న ఆలమూరు మండలంలోని మడికి, చెముడులంక కోనసీమ జిల్లాలో చేరాయి. వృత్తి ఒకటే, కలెక్టరేట్లు రెండు. తుపాను అనంతరం నష్టం రాసుకునే వేళ ఈ గీత ప్రాధాన్యం సంతరించుకుంటుంది.

శీతాకాలపు పూల మొక్కల పని ఆగస్టు చివరి వారం నుంచే ఆరంభమవుతుంది. గుంతల ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి విత్తనం వేస్తారు. పెటూనియా విత్తనం ధూళి రేణువంత సన్నం. దానిపై పొట్టు కప్పరాదు, వెలుతురు తగిలితేనే మొలకెత్తుతుంది. అదే కారణం వల్ల ఒక్క గట్టి వాన చినుకుకు ట్రే నుంచి కొట్టుకుపోతుంది. మూడు, నాలుగు వారాలకు నారు వేరుపట్టి కవరుకో, కుండీకో మారుతుంది. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, కొద్దిగా వేపపిండి కలిపిన మిశ్రమాన్ని కవర్లలోకి ఎత్తడం, నారు నాటడం, వరుసల్లో పేర్చడం, కలుపు తీయడం అంతా ప్రధానంగా మహిళా కూలీల చేతిమీదనే సాగుతుంది. చుట్టుపక్కల గ్రామాల్లో వరి నాట్లు ముగిసి కోతలు మొదలుకాని ఆ నడిమికాలంలో అనేక కుటుంబాలకు పని దొరికేది ఇక్కడే. పని నిలిచిపోతే ఆ రోజు కూలీ నిలిచిపోయినట్లే. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు వైపు నుంచి వచ్చిన చిరుత కడియం నర్సరీల్లో తిరిగినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. తోటల్లోకి వెళ్లవద్దని అటవీశాఖ హెచ్చరించడంతో నారు మార్చవలసిన రోజుల్లో తోటలు బోసిపోయాయి. చిరుత భయం తొలగాక గానీ పని పూర్తిగా గాడిన పడలేదు.

విక్రయాల గడువు ఇంకా ఇరుకు. కార్తీక మాసంలో మొదలయ్యే గిరాకీ నూతన సంవత్సరం ముందు వారంలో పతాకస్థాయికి చేరుతుంది. సంక్రాంతి దాటాక దిగజారుతుంది. కొత్త ఏడాదికి మొక్కలతో అక్షరాలు, బొమ్మలు కూర్చి స్వాగతం పలకడం ఇక్కడి నర్సరీల ఆనవాయితీ. చూసేందుకు వచ్చే జనం కొనుగోలుదారులుగా మారే రోజులు కూడా అవే. క్రోటన్, నూరువరహాలు, తాటిజాతి మొక్కలు ఈ ఏడు అమ్ముడుపోకుంటే వచ్చే ఏడు మరింత పెద్దవై మరింత ధర తెస్తాయి. పూల మొక్కకు ఆ వెసులుబాటు లేదు. జనవరి నెలాఖరుకు మిగిలిపోయిన పెటూనియా ఎరువు గుంతకే చేరుతుంది. పొలంలో కోసిన ధాన్యాన్ని ధర వచ్చేదాకా గాదెలో దాచుకోవచ్చు. విచ్చిన పువ్వును దాచే గాదె లేదు.

చీకటి లెక్క తెలిసిన మొక్క

ఈ కాలపు వ్యాపారంలో చామంతిది ప్రత్యేక స్థానం. దానికి చలికన్నా రాత్రి నిడివితో సంబంధం ఎక్కువ. పగలు కుదించుకుపోయి రాత్రి సాగినకొద్దీ చామంతి కొమ్మ చివర ఆకు బదులు మొగ్గ తొడుగుతుంది. యూరప్ వంటి ఉత్తర దేశాల్లో వేసవి పగలు పదహారు గంటలు ఉంటుంది కనుక అక్కడ ఆ మొక్క వేసవి పొడుగునా ఆకే పెంచుతుంది. గోదావరి తీరం 17 డిగ్రీల అక్షాంశం చెంత ఉంది. ఇక్కడ జూన్‌లో సైతం పగటి నిడివి సుమారు 13 గంటలు మాత్రమే, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. అంటే చామంతి దృష్టిలో మనకు ఏడాది పొడవునా రాత్రులు పెద్దవే. వదిలేస్తే గుబురు కట్టకముందే, జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగి, నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

అందుకే ఇటీవలి ఏళ్లలో చామంతి మడులపై రాత్రివేళ దీపాలు వెలుగుతున్నాయి. తీగలకు వేలాడదీసిన ఎల్‌ఈడీ బల్బులను కొన్ని గంటలు వెలిగిస్తే, సుదీర్ఘమైన ఒక్క రాత్రి రెండు చిన్న రాత్రులుగా విడిపోతుంది. మొక్క మొగ్గ తొడగడం మాని కొమ్మలు వేస్తుంది. ఈలోగా తలలు తుంచుతూ పోతే ఒక్క కాడ నుంచి పది కొమ్మలు వస్తాయి. కావలసినంత గుబురు కట్టాక దీపాలు ఆర్పివేస్తారు. అక్కడి నుంచి రకాన్ని బట్టి ఏడు నుంచి పది వారాలకు పూలు. డిసెంబరు మూడో వారానికి కుండీ నిండుగా విచ్చుకోవాలంటే దీపం ఎప్పుడు ఆర్పాలో వెనక్కి లెక్కించుకోవాలి. రాత్రి జాతీయ రహదారిపై ప్రయాణించేవారు ఆ వెలుగులను చూసి ఏదో ఉత్సవమని భావించడం కద్దు. అది ఖర్చుతో కూడిన వ్యవసాయం. విద్యుత్తు బిల్లు, బల్బులు, తీగలు అన్నీ పెట్టుబడిలో చేరినవే. రాత్రివేళ కోత ఎక్కువైన వారాల్లో కొన్ని మడులు ముందే మొగ్గ తొడిగి, క్రిస్మసుకు పూయవలసినవి కార్తీక పౌర్ణమికే పూసేయవచ్చు.

ఎర్రని ఆకులతో ఆకట్టుకునే పాయిన్‌సెట్టియాదీ ఇదే గుణం. దానికి రాత్రి చీకటి అంతరాయం లేకుండా దక్కాలి. వీధి దీపం కింద పెట్టిన కుండీ ఎన్నాళ్లకూ ఎరుపెక్కదు. నర్సరీలో ఎర్రగా ఉన్న మొక్క ఇంటికి తెచ్చాక మరుసటి ఏడు పచ్చగానే ఉండిపోయిందని వాపోయేవారు మొక్కను నిందించే ముందు ప్రహరీ పక్కనున్న దీపస్తంభాన్ని చూడటం మంచిది.

తుపానుల బాటలో కవర్లు

ఈ శ్రమ అంతా బంగాళాఖాతానికి అతి చేరువలో, అది అత్యంత అలజడిగా ఉండే మాసాలలో జరుగుతోంది. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపానును ఈ ప్రాంతం మరువలేదు. 2013 నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం వద్ద తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన వద్దనే తీరం తాకింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల వద్ద దాటినా దాని వాన గోదావరి జిల్లాలనూ తడిపింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది. తేదీలన్నీ అక్టోబరు రెండో వారానికీ, డిసెంబరు మూడో వారానికీ నడుమనే ఉన్నాయి. శీతాకాలపు పూల మొక్క నారుగా, లేత మొక్కగా, మొగ్గగా ఉండే రోజులు కూడా సరిగ్గా అవే.

గాలి కన్నా నీరే ఎక్కువ నష్టం చేస్తుందన్నది అనుభవజ్ఞుల మాట. నేల మీద పేర్చిన కవరు చుట్టూ ఒక రోజు నీరు నిలిస్తే వేరుకు గాలి అందదు. పైకి మొక్క పచ్చగానే కనిపిస్తుంది. నాలుగో రోజుకు ఎండ కాయగానే వాడిపోతుంది. వాడిందని మళ్లీ నీరు పోస్తే మిగిలిన వేరు కూడా కుళ్లుతుంది. లేత మొక్కలలో నారుకుళ్లు తెగులు ఒక ట్రే నుంచి మరొక ట్రేకు పాకడానికి రెండు మూడు రోజులు చాలు. వాన వెలిశాక నిలిచిన నీటిని ముందు తీసివేయడం, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపడం, కోలుకుని కొత్త చిగురు కనిపించేదాకా యూరియా జోలికి పోకుండా ఉండటం ఉద్యాన శాస్త్రవేత్తలు సూచించే జాగ్రత్తలు. గాలి విషయంలో మరొక కిటుకు ఉంది. ఎండ నుంచి కాపాడే షేడ్‌నెట్ తుపాను గాలికి తెరచాపలా మారుతుంది. స్తంభాలను సైతం పెకలించి కింద ఉన్న మొక్కలపై పడవేస్తుంది. హెచ్చరిక రాగానే వలను విప్పి నేలకు దించడం, ఎత్తయిన కుండీలను గాలి వీచే దిశలో పక్కకు పడుకోబెట్టడం ఇక్కడి వారు నేర్చుకున్న విద్య. వాతావరణ శాఖ ఇప్పుడు మూడు, నాలుగు రోజుల ముందే తుపాను దారి చెబుతోంది. అయితే పది సెంట్లలో షెడ్డు వేసుకున్న చిన్న రైతు ఒక పగటిలో ఆ పని ముగించగలడేమో గాని, పది ఎకరాల్లో లక్షల కవర్లు పరచినవారికి మూడు రోజులూ చాలవు.

ప్రమాదాన్ని పంచుకునేందుకు కొందరు విత్తనాన్ని రెండు విడతలుగా వేస్తారు. సెప్టెంబరులో సగం, అక్టోబరు రెండో పక్షంలో సగం. తొలి విడత తుపానులో పోయినా మలివిడత మిగులుతుంది. ఇందులో నష్టమూ ఉంది. మలివిడత మొక్క కొత్త సంవత్సరం గిరాకీకి అందదు, సంక్రాంతికి మాత్రమే చేరుకుంటుంది. ధర అప్పటికి తగ్గుతుంది. మొత్తం పెట్టుబడిని తొలి విడతలోనే పెట్టి గెలిచినవాడు బాగుపడతాడు, ఓడినవాడు మరుసటి ఏడు భూమి కౌలుకు కూడా తడుముకుంటాడు. సొంత భూమి ఉన్నవారికి ఈ జూదం ఆడే స్తోమత ఉంది. కౌలుకు తీసుకుని అర ఎకరంలో పూల మొక్కలు మాత్రమే పెంచే చిన్న రైతుకు లేదు. అయినా ఎక్కువగా ఆడుతున్నది అతడే. ఏళ్ల తరబడి పెరిగే పెద్ద మొక్కలపై పెట్టుబడి ఇరికించుకోలేక నాలుగు నెలల్లో డబ్బు తిరిగివచ్చే పూల మొక్కను ఎంచుకోవడమే అందుకు కారణం.

ఎకరాల్లో కొలిస్తే ఎలా?

తుపాను అనంతరం అధికార బృందాలు వస్తాయి, చూస్తాయి, రాసుకుంటాయి. చిక్కంతా రాసుకునే పద్ధతిలో ఉంది. విపత్తు సాయం నిబంధనల ప్రకారం పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటే హెక్టారు లెక్కన పెట్టుబడి రాయితీ లభిస్తుంది. వరికి, అరటికి ఈ కొలత సరిపోతుంది. ఒక ఎకరం నేలలో ఎన్ని కవర్లు పడతాయో, అవి ఏ మొక్కలో, ఏ వయసువో అన్నదానిపై నర్సరీ విలువ ఆధారపడి ఉంటుంది. ఎకరంలో రెండు వేల పెద్ద తాటిజాతి మొక్కలు ఉండవచ్చు, లక్షకు పైగా పెటూనియా కవర్లు ఉండవచ్చు. పెట్టుబడిలో నేలకు సంబంధించినది తక్కువ, కవరులో నింపినది ఎక్కువ. వరికి ఉద్దేశించిన రేటుతో దీనిని లెక్కించడం బియ్యం కొలిచే కుంచంతో బంగారం కొలిచినట్లే.

బీమా సంగతీ అంతే. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఆహార పంటలకు, నూనెగింజలకు, నోటిఫై చేసిన వార్షిక వాణిజ్య, ఉద్యాన పంటలకు ఉద్దేశించినది. ఒక ప్రాంతంలో సగటు దిగుబడి ఎంత తగ్గిందన్నది దానిలో ప్రధాన కొలమానం. కవరులో పెరిగే అలంకార మొక్కకు క్వింటాళ్లు లేవు, దిగుబడి లేదు, పంట కోత ప్రయోగం లేదు. అమ్మకం మాత్రమే ఉంది. పన్నుల విషయంలో ప్రభుత్వం దీనిని వ్యవసాయంగానే చూస్తోంది. సజీవ మొక్కలపై జీఎస్టీ లేదు. నష్టం వచ్చినప్పుడు మాత్రం నర్సరీ అటు పొలమూ కాక, ఇటు దుకాణమూ కాక మధ్యలో మిగిలిపోతోంది.

ఇందుకు పరిష్కారం అసాధ్యమేమీ కాదు. సెప్టెంబరు నెలాఖరున ఒకసారి, నవంబరు మొదట మరొకసారి నర్సరీలలో ఉన్న మొక్కల సంఖ్యను రకాలవారీగా నమోదు చేసి ఉంచితే, తుపాను తరువాత వాదులాటకు తావుండదు. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పుణెలోని పూల పరిశోధన సంచాలకాలయం ప్రాంతీయ కేంద్రం ఇక్కడి వేమగిరిలోనే ఉంది. గోదావరి దాటితే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏ దశలోని మొక్క విలువ ఎంతో నిర్ణయించగల శాస్త్రవేత్తలు పొరుగునే ఉండగా రెవెన్యూ సిబ్బంది ఎకరాల పుస్తకంతో తంటాలు పడటంలో అర్థం లేదు. కాకపోతే నమోదు అనగానే రైతులలోనూ కొంత జంకు ఉంది. సరుకు లెక్క బయటపడితే రేపు ఏ పన్ను వచ్చి మీద పడుతుందోనన్న భయం దాని మూలం. ఆ భయం పోగొట్టనిదే ఏ పథకమూ కాగితం దాటదు. కౌలు రైతు పేరు ఆ నమోదులో ఉంటుందా, భూ యజమాని పేరు ఉంటుందా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. కడియంలోనే కాదు, డెల్టా అంతటా వరి విషయంలోనూ తెగని ప్రశ్న అది.

లారీ ఎక్కే ముందు తర్ఫీదు

కడియం మొక్కలు దేశమంతటికీ వెళతాయి. ఉత్తరాదికి వెళ్లే మొక్కకు చలికాలం నిజంగానే పరీక్ష. ఇక్కడ ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కలకు మించి తగ్గడం అరుదు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, పంజాబ్ మైదానాల్లో అదే రాత్రి ఐదు డిగ్రీలకు దిగజారుతుంది. ఒండ్రు నేలలో, తడి గాలిలో, వల నీడన పెరిగిన క్రోటన్‌ను నాలుగు రోజుల లారీ ప్రయాణం అనంతరం ఆ చలిలో దించితే వారంలోగా ఆకు రాల్చేస్తుంది. వేరు బతికి ఉండవచ్చు, కొన్నవాడు మాత్రం మొక్క చచ్చిందనే అంటాడు. ఫోనులో ఫొటో వస్తుంది, బాకీ సొమ్ము ఆగిపోతుంది.

దీనికి విరుగుడు మొక్కను ముందుగా గట్టిపరచడం. పంపడానికి మూడు, నాలుగు వారాల ముందు నుంచి నత్రజని ఎరువు ఆపివేస్తారు. నత్రజనితో వచ్చే లేత చిగురే చలికి మొదట మాడేది. పొటాష్ అందిస్తే కణజాలం గట్టిపడుతుంది. నీటి తడుల నడుమ వ్యవధి పెంచి, మొక్కను వల నీడ నుంచి క్రమంగా ఆరుబయటకు జరుపుతారు. ఆకు కాస్త చిన్నదై, రంగు ముదిరి, కాండం గట్టిపడుతుంది. చూపుకు అంత అందంగా ఉండదు. ఇక్కడే వ్యాపార ధర్మసంకటం. కొనేవారు నిగనిగలాడే లేత మొక్కనే ఎంచుకుంటారు. గట్టిపరచిన మొక్క పక్కన పెట్టి, అదే ధరకు, అది వాడిపోయిన సరుకని తీసిపారేస్తారు. తెలిసిన వ్యాపారులు మాత్రం గట్టి మొక్కనే అడిగి తీసుకుంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది లోడులకు కాగితం పూలు, టేకోమా, గన్నేరు వంటి మొండి జాతులను పంపి, క్రోటన్, అగ్లోనిమా, నూరువరహాలను ఫిబ్రవరి దాటాక పంపడం ఇరుపక్షాలకూ మేలు.

మన్యంలో వేరే చలి

మైదానపు నియమాలు మన్యంలో చెల్లవు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతాల్లో, తెలంగాణలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు, అంతకన్నా కిందికి పడిపోతుంది. పర్యాటకులు పెరిగి వసతి గృహాలు వెలియడంతో వాటి ముంగిళ్లకు కడియం మొక్కలు తరలుతున్నాయి. తోటమాలి మైదానం నుంచే వస్తాడు. తొలి చలికాలానికే సగం మొక్కలు నల్లబడతాయి.

నిర్మలమైన ఆకాశం, గాలి కదలని రాత్రి అత్యంత ప్రమాదకరం. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి మబ్బు అడ్డులేక పైకి పోతుంది. బరువైన చల్లగాలి వాలు వెంట జారి లోయలో గుమిగూడుతుంది. అందువల్ల ఒకే ఊరిలో వాలుపై నాటిన మొక్క బతికి, పల్లంలోది మాడిపోవడం చూస్తాం. రాత్రికి గోనెపట్టా, వరిగడ్డి, పాత చీర ఏది కప్పినా నేల వేడిని అది కొంత ఆపుతుంది. ఉదయం ఎండ రాగానే తీసివేయాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకు నేరుగా తగిలితే తగిలిన చోటనే మాడుతుంది. పొడి నేల కన్నా తడి నేల వేడిని ఎక్కువ దాస్తుంది కనుక గట్టి చలి సూచన ఉన్న రోజు మధ్యాహ్నమే మొదలుకు నీరు పెట్టాలి, ఆకులు తడపరాదు. అయితే మన్యానికి మన్యం మొక్కలే నయం. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోంది, అరకులో వలిసె పూలు కొండవాలును పసుపుముద్ద చేస్తున్నాయి. ఆ చలిని వరంగా మలచుకున్న పంటలు అక్కడ ఉండగా, ముప్పై డిగ్రీల ఉక్కలో పెరిగిన తాటిమొక్కలను లారీలో ఎక్కించుకుపోయి చీరలు కప్పడం డబ్బు దండగ.

పెరటిలో, మేడమీద

ఇళ్లలో మొక్కలు పెంచేవారు శీతాకాలంలో చేసే ప్రధాన లోపం నీరు ఎక్కువ పోయడం. మే నెలలో రెండు పూటలా పోసిన అలవాటు డిసెంబరులోనూ కొనసాగుతుంది. మొక్క పీల్చేది తగ్గి, కుండీ ఆరేది తగ్గి, వేరు కుళ్లు మొదలవుతుంది. మట్టిలో వేలు దించి చూసి, పై అంగుళం ఆరితేనే నీరు పోయాలి. అదీ ఉదయం పూట. సాయంత్రం తడిసిన ఆకు రాత్రి మంచుతో కలిసి తెల్లవార్లూ తడిగా ఉండి ఆకుమచ్చకు ఆతిథ్యమిస్తుంది. గులాబీపై తెల్లని పొడి కనిపించిన తొలిరోజునే లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. చామంతి మొగ్గలపై నల్లగా గుంపుకట్టే పేనుబంకకు వేపనూనె ఐదు మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు ద్రావణం చాలు. 2016లో దక్షిణాదిలో తొలిసారి కనిపించి తరువాత గోదావరి జిల్లాల కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమ వానలు వెనుదిరిగాక విజృంభిస్తుంది. కొబ్బరి చెట్టు కింద పెట్టిన కుండీల ఆకులపై నల్లని మసి పేరుకుంటే మూలం పైనున్న మట్టలోనే ఉందని గ్రహించాలి.

గులాబీని వానలు తగ్గగానే, అక్టోబరులో కత్తిరించి ఎరువు వేస్తే ఆరేడు వారాలకు పూస్తుంది. కత్తిరించిన కొన వద్ద కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయకుంటే కొమ్మ పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. కనకాంబరం చలికి పూత తగ్గిస్తుంది, ఎరువు పోసి ప్రయోజనం లేదు, వేచి ఉండటమే. దేవగన్నేరు, ఎడారి గులాబీ ఆకు రాలుస్తాయి. కలేడియం ఆకు మొత్తం మాయమై దుంప మట్టిలో నిద్రిస్తుంది. ఇవి చచ్చిపోయాయని జనవరిలో వీధిలో పారవేసిన కుండీలు ఏ పట్టణంలోనైనా కనిపిస్తాయి. కాండంపై గోటితో గీరి లోపల పచ్చదనం ఉంటే ఆ కుండీని గోడవారగా జరిపి, పదిరోజులకు ఒకసారి నాలుగు చుక్కల నీరిస్తే సరిపోతుంది.

మల్లెకు మాత్రం కరవు చూపించాలి. నవంబరు నుంచి నీరు తగ్గించి, డిసెంబరులో పూర్తిగా ఆపి, ఆకు పండి రాలనివ్వాలి. జనవరిలో కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరించి, మొదలు తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీరు పెట్టాలి. చలికాలంలో జాలిపడి నీరు పోసిన మల్లె గుబురుగా ఆకు వేస్తుంది, మార్చిలో బుట్ట నింపేది ఎండగట్టిన మల్లె. కడియపులంక పూల మార్కెట్టుకు వేసవిలో మొదటి మల్లెలు ఎప్పుడు వస్తాయన్నది రైతులు సంక్రాంతి లోపు కాలువ తూమును ఎన్నాళ్లు మూసి ఉంచారన్నదానిపై ఆధారపడి ఉంటుంది.